నా ఒంటికి సరిపడే నూనె

నా తల మీది మూత తిప్పి తీసి, లోపల వేలు పెట్టి, ఆ తడిని బొటనవేలికి రాసుకుని చూసి "ఇంకా చిక్కగానే ఉంది, మరో రెండువేల కిలోమీటర్లు లాగెయ్యొచ్చు" అన్నవాళ్ళు నా జీవితంలో చాలామంది. ఆ మాట విన్నప్పుడల్లా నాకు గుండె జారిపోయేది. వేలికి అంటేది చల్లారిన నూనె. నా లోపల పని చేసేది కాగిన నూనె. రెండూ ఒక్క డబ్బాలోంచి వచ్చినవే, గుణంలో మాత్రం ఒకదానికొకటి పోలిక లేదు.

నేను అంబాసిడర్ కారు ఇంజన్ని. పెట్రోలుది, నాలుగు సిలిండర్లు, 1489 సీసీ. డెబ్బైల నడుమ, పశ్చిమ బెంగాల్లో హుగ్లీ ఒడ్డునున్న ఉత్తరపారాలో, హిందుస్థాన్ మోటార్స్ వాళ్ళ కర్మాగారంలో మార్క్ 3 బండి కోసం పుట్టాను. ఇప్పుడుంటున్నది అనకాపల్లి జిల్లా నక్కపల్లి మండలం రాజయ్యపేటలో, సముద్రానికి కేక వేస్తే వినపడేంత దూరంలో, ఒక తాటాకు పాక కింద. ఒక పక్క ఆరేసిన వలలు, ఇంకో పక్క పాత బోటు తాలూకు తెడ్లు, మధ్యలో నేను.

నన్ను చూసి పెళ్ళిబండి అన్నారు, ఆఫీసరు కారన్నారు. నా రక్తసంబంధం మాత్రం పందెపు కార్లతో. నాకు రూపు కట్టింది ఇంగ్లండులోని బీఎంసీ కంపెనీ. ఆ ఇంజను వంశానికి బి-సిరీస్ అని పేరు. 1955లో అబింగ్డన్‌లో తయారవడం మొదలైన ఎంజీఏ అనే రెండు సీట్ల స్పోర్ట్స్ కారుకి పెట్టింది కూడా ఈ 1489 సీసీ ఇంజన్నే. ఆ ఏడాదే దాని నమూనా కార్లు ఫ్రాన్సులో ల మాన్ 24 గంటల పందెంలో పరుగెత్తాయి. ఎంజీఏకి రెండు కార్బొరేటర్లు, నాకు ఒకటి. దాని కంప్రెషన్ ఎక్కువ, నాది తక్కువ. అది 70 హార్స్ పవర్ దగ్గర లాగుతుంది, నేను 50 పైచిలుకు దగ్గర ఆగుతాను. కానీ సిలిండరు వెడల్పు 73 మిల్లీమీటర్లు, పిస్టను నడక 89 మిల్లీమీటర్లు ఇద్దరికీ ఒకటే. క్రాంకుని మోసే మెయిన్ బేరింగులు ఇద్దరికీ మూడేసి. పాత ఎంజీ కారుని కంటికి రెప్పలా చూసుకునే మనిషి ఎక్కడున్నా, ఏ గ్రేడు ఆయిలు పొయ్యాలా అని ఏ ప్రశ్న దగ్గర ఆగుతాడో, రాజయ్యపేటలో మా పెద్దాయన మనవడు కూడా అదే ప్రశ్న దగ్గర ఆగాడు. అందుకే ఈ కథ నా ఒక్కదానిది కాదు.

ముందు ఆయిలు సంగతి చెప్పనివ్వండి. అనకాపల్లి బెల్లం వండే ఊరు. గానుగ దగ్గర కూర్చున్నవాళ్ళకి నేను కొత్తగా చెప్పాల్సిన పని లేదు. పొయ్యి మీద మరిగే పాకం నీళ్ళలా జారుతుంది, అదే పాకాన్ని దించి ఆరనిస్తే గరిటెకి అంటుకుని తీగ సాగుతుంది. నూనె స్వభావం కూడా అంతే. పుస్తకాల్లో దీన్ని స్నిగ్ధత అంటారు, షెడ్డులో పలచన, చిక్కన అంటారు. మంచి 20డబ్ల్యూ-50 ఆయిలు 40 డిగ్రీల వేడిలో సుమారు 160 సెంటీస్టోక్స్ చిక్కదనంతో ఉంటే, 100 డిగ్రీలకి వచ్చేసరికి సుమారు 18కి దిగిపోతుంది. అంటే దాదాపు తొమ్మిదో వంతు. వేలితో చూసే మనిషికి ఆ 160 తెలుస్తుందేమో. నన్ను బతికించేది ఆ 18.

డబ్బా మీది అంకెల్ని చాలామంది తప్పుగా చదువుతారు. 20డబ్ల్యూ-50లో డబ్ల్యూ అంటే వింటర్, చలికాలం. దాని ముందున్న అంకె చలిలో ఎంత సులువుగా కదులుతుందో చెబుతుంది. 20డబ్ల్యూ అయితే మైనస్ 15 డిగ్రీల దగ్గర, 5డబ్ల్యూ అయితే మైనస్ 30 దగ్గర పరీక్ష పెడతారు. వెనకున్న అంకె 100 డిగ్రీల వేడిలో ఎంత చిక్కగా నిలుస్తుందో చెబుతుంది. 30 గ్రేడంటే 9.3 నుంచి 12.5 సెంటీస్టోక్స్ లోపు, 40 అంటే 12.5 నుంచి 16.3 లోపు, 50 అంటే 16.3 నుంచి 21.9 లోపు. ఇప్పుడు మన నేల సంగతి చూడండి. జనం మంచు చూడ్డానికి ఎగబడే లంబసింగిలో పాదరసం సున్నా దగ్గరికి దిగితేనే పెద్ద వార్త. ఆ కొండ మీద కూడా మైనస్ 15 ఎన్నడూ రాదు. ఇక ఈ ఒడ్డున, ఉప్పుగాలి ఉక్కపోతలో, నాకు ముందు అంకెతో పనేముంది? 0 అయినా, 5 అయినా, 20 అయినా ఇక్కడి తెల్లవారుజామున నేను లేస్తాను. నన్ను నిలబెట్టేదీ పడగొట్టేదీ వెనక అంకే.

ఈ పాఠం నేను నేర్చుకున్నది నా ఒళ్ళు గుల్ల చేసుకుని.

మొదట విశాఖపట్నంలో ఒక ఆఫీసులో ఉన్నాను. ఆ రోజులు సాఫీగానే గడిచాయి, చెప్పుకోడానికి ఏమీ లేదు. వేలంలో నన్ను కొన్నాయన అనకాపల్లిలో టాక్సీ తిప్పాడు. యలమంచిలి, నర్సీపట్నం, తుని, పెళ్ళిళ్ళు, ఆసుపత్రులు, రాత్రీపగలూ తిరిగాను. లక్షల కిలోమీటర్లయ్యాక బోరు అరిగింది, వెనక గొట్టంలోంచి నీలిపొగ మొదలైంది, టాపెట్లు టకటకలాడాయి. అప్పుడెవరో ఆయనకి సలహా చెప్పారు: చిక్కటి ఆయిలు పోస్తే శబ్దం తగ్గిపోతుందని. ఆయన గేరుబాక్సుకి వాడే 90 నెంబరు ఆయిలు తెచ్చి నా సంపులో అరలీటరు కలిపాడు. 50 కన్నా 90 దాదాపు రెట్టింపు చిక్కన అని ఆయన లెక్క.

ఆ లెక్క తప్పు. గేరు ఆయిలు అంకెలది వేరే కొలబద్ద. గేరు ఆయిలు 90, ఇంజనాయిలు 40, 50 గ్రేడ్లు చిక్కదనంలో ఇంచుమించు ఒకే వరసలో నిలబడతాయి. పేరు తేడా, గుణం తేడా. మసిని కడిగి తనలో కలుపుకుని మోసుకుపోయే శక్తి ఇంజనాయిలుకి ఉంటుంది, గేరు ఆయిలుకి ఉండదు. ఆయనకి శబ్దం కొద్ది రోజులు తగ్గినట్టే వినిపించింది. లోపల మాత్రం నల్లటి బురద పేరుకుంది, రాకర్లకి నూనె తీసుకెళ్ళే సన్నటి దారులు పూడుకుపోయాయి. చిక్కన చేసి శబ్దాన్ని మూసిపెట్టడమంటే జ్వరం వచ్చినవాడికి దుప్పటి కప్పి, వణుకు కనపడలేదు కాబట్టి నయమైందనడమే. అరిగిపోయిన రింగుకి నూనె మందు కాదు. రింగు మార్చాలి.

కొన్నాళ్ళకి నన్ను రాజయ్యపేట పెద్దాయన కొన్నాడు. వేటకెళ్ళే వయసు దాటిపోయింది, బోటు కొడుకులకి అప్పజెప్పాడు. ఊళ్ళో ఎవరికైనా నొప్పులొస్తే, ఎవరినైనా పాము కరిస్తే, అర్ధరాత్రి తలుపు తట్టినా నన్ను తీసుకుని నక్కపల్లి హైవే ఎక్కేవాడు. డబ్బుల్లేనివాళ్ళ దగ్గర పెట్రోలు ఖర్చు కూడా అడిగేవాడు కాదు. నాకు బోరింగు చేయించి, కొత్త రింగులు వేయించి, సంపు విప్పి బురదంతా గోకించి కడిగించింది ఆయనే. క్రాంకు దగ్గర బేరింగు షెల్సు మాత్రం అప్పట్లో సరైన సైజు దొరకలేదు, పాతవే ఉంచేశారు. ఆ సంగతి గుర్తు పెట్టుకోండి, తరవాత దానితో పని ఉంది.

తప్పు ఆ తరవాత జరిగింది, అదీ ప్రేమతోనే. చదువుకుని ఊరికొచ్చిన మనవడు, తాత బండికి మంచిది చెయ్యాలని, సిటీలో పెద్ద సర్వీసు సెంటరుకి తీసుకెళ్ళాడు. అక్కడ అన్నిటికన్నా ఖరీదైన డబ్బా తీశారు. ఫుల్ సింథటిక్, 5డబ్ల్యూ-30. కొత్త కార్లకి ఇదే పోస్తామన్నారు. నిజమే, కొత్త కార్లకి అదే సరైనది. వాటి బేరింగుల సందులు సన్నం, వాటి పంపులు ఆ పలుచటి నూనె కోసమే కట్టినవి, పలుచటి నూనెతో పెట్రోలు కూడా కలిసొస్తుంది. ఆ డబ్బాని నేను తప్పు పట్టను. అది నా కోసం చేసినది కాదు, అంతే.

తిరుగు ప్రయాణంలో యలమంచిలి దాటేసరికి నేను బాగా కాగాను. గేటు దగ్గర బండి ఆగి స్లోలో ఉన్నప్పుడు డాష్‌బోర్డు మీద ఎర్ర ఆయిల్ లైటు మినుకుమినుకుమంది. కొంచెం రేజు చేస్తే ఆరింది, వదిలేస్తే మళ్ళీ వెలిగింది. ఇంటికొచ్చి ఆగాక పాక కింద ఇసుకలో రాత్రంతా బొట్లు పడ్డాయి. తెల్లారి తాత వచ్చి, వంగి ఆ తడి ఇసుక పిడికిట్లోకి తీసుకుని చూసి ఒక్క మాటా అనలేదు. మనవడి ముఖం చూడలేకపోయాను.

ఆ కారడం ఎందుకో చెబుతాను. క్రాంకు నా వెనక గోడ దాటి బయటికొచ్చే చోట ఇప్పటి ఇంజన్లకి ఉన్నట్టు రబ్బరు సీలు నాకు లేదు. ఎంజీఏకీ లేదు. అక్కడ క్రాంకు మీద మర చుట్లలా గాడి కోసి ఉంటుంది. క్రాంకు తిరిగేకొద్దీ ఆ గాడి నూనెని వెనక్కి, సంపులోకి నెట్టేస్తుంది. తిరుగుతున్నంతసేపే దానికి పని. ఆగిపోతే నూనెని ఆపేది సన్నటి సందు, నూనె చిక్కదనం, ఈ రెండే. సందు అరిగి వెడల్పయింది, నూనె పలచనయింది, ఇక ఇసుక తడవక ఏం చేస్తుంది?

నక్కపల్లిలో హైవే పక్కన ఒక ముసలి మేస్త్రి షెడ్డుంది. అంబాసిడర్లు పోయాయి, ఉత్తరపారా కర్మాగారం 2014లోనే మూతపడింది, ఆయన చేతులు మాత్రం నన్ను మర్చిపోలేదు. మనవడు నన్ను అక్కడికి తీసుకెళ్ళి, "ఏ ఆయిలు పొయ్యాల, బాబాయ్?" అని అడిగాడు.

"ఆయిలు సంగతి నన్నడుగుతావేటి? ఇంజన్ని అడుగు," అన్నాడు మేస్త్రి. "దాన్ని బాగా కాగనియ్యి ముందు. సల్లగున్నప్పుడు ఏ ఇంజనైనా మంచిదే."

అరగంట నన్ను హైవే మీద తిప్పించాడు. తరవాత నా పక్కనున్న ఆయిల్ లైటు స్విచ్చి విప్పి, ఆ కన్నంలో ప్రెషరు గేజి బిగించాడు. నా జీవితంలో అంత మర్యాదగా నన్నెవరూ ప్రశ్నించలేదు. స్లోలో ముల్లు ఏడు పౌండ్ల దగ్గర వణికింది. రేజు చేసి మూడువేల చుట్ల దగ్గర నిలిపితే ముప్ఫై కూడా దాటలేదు.

మనవడికి ఆయన చెప్పింది నాకిప్పటికీ గుర్తు. పంపు నూనెని తోస్తుంది, బేరింగుల సందులు ఆ నూనెని అడ్డుకుంటాయి, ఆ అడ్డు వల్ల పుట్టేదే ప్రెషరు. వెంట్రుక మందం కూడా లేని ఆ సందులోనే నూనె పొరగా నిలబడి క్రాంకుని ఇనుముకి తగలకుండా తేల్చుతుంది. సందు పెరిగితే పొర నిలవడానికి కాస్త చిక్కటి నూనె కావాలి. "దీనికి షెల్సు పాతయి, తమ్ముడూ. 30 ఇందులో ఆగదు, నీళ్ళలాగ ఎల్లిపోతాది," అన్నాడు. అక్కడితో ఆగకుండా 40 గ్రేడు పోసి ఒకసారి, 50 గ్రేడు పోసి ఇంకోసారి, కాగించి కాగించి చూశాడు. లారీలకి పోసే 15డబ్ల్యూ-40తో స్లోలో పన్నెండు వచ్చింది. 20డబ్ల్యూ-50తో పదహారు, మూడువేల దగ్గర యాభై. వెయ్యి చుట్లకి పది పౌండ్లన్నది షెడ్డుల్లో పాతకాలం నుంచీ ఉన్న మోటు లెక్క. దాన్ని 20డబ్ల్యూ-50 హాయిగా దాటింది.

"మరి ఇంకా చిక్కటిది పోస్తే ఇంకా ఎక్కువొస్తాది కదా?" అన్నాడు మనవడు.

అడగాల్సిన ప్రశ్నే అడిగాడు. గేజి మీద ప్రెషరు ఎక్కువ కనపడినంత మాత్రాన నూనె ఎక్కువ పారినట్టు కాదు. మరీ చిక్కటిదయితే పొద్దున్నే పంపు దగ్గర ప్రెషరు పెరిగిపోయి రిలీఫ్ వాల్వు తెరుచుకుంటుంది, నూనె పైకి ఎక్కకుండా మళ్ళీ సంపులోకే పడుతుంది. గేజి చూసి యజమాని సంతోషపడతాడు, పైన రాకర్లు పొడిగా కొట్టుకుంటుంటాయి. ఇంజను ఎక్కువ అరిగేది రోడ్డు మీద కాదు, లేచిన మొదటి క్షణాల్లోనే. అందుకే చిక్కదనం కూడా కావలసినంతే. నాకు బోరింగుతో పాటు షెల్సు కూడా కొత్తవి పడి ఉంటే 15డబ్ల్యూ-40 చాలేది, మేస్త్రి కూడా అదే అన్నాడు.

డబ్బా కొనేటప్పుడు ఆయన ఇంకో సంగతి కూడా చూడమన్నాడు. నా క్యాం షాఫ్టు మీద కూర్చునే టాపెట్ల అడుగు చదునుగా ఉంటుంది, కొత్త ఇంజన్లలో చాలావాటికి ఉన్నట్టు రోలర్లు ఉండవు. క్యాం మొన ఆ చదును మీద గట్టిగా రాపాడుతుంది. ఆ చోట నూనె పొర తెగినా ఇనుముని కాపాడేది నూనెలో కలిపే జింకు, ఫాస్ఫరస్ మందు. ఆ ఫాస్ఫరస్ కొత్త కార్ల పొగగొట్టంలో ఉండే కెటలిటిక్ కన్వర్టరుని పాడు చేస్తుందని 2004లో వచ్చిన ఏపీఐ ఎస్ఎం ప్రమాణం నుంచి పలుచటి గ్రేడ్లలో దాన్ని 0.08 శాతానికి మించనివ్వడం లేదు. 20డబ్ల్యూ-50 లాంటి చిక్కటి గ్రేడ్లకి ఆ హద్దు లేదు. నాకు కన్వర్టరే లేదు. సిటీలో నాకు పోసిన ఆయిలు నా వెనక కారడం కళ్ళకి కనపడింది, క్యాంకి జరిగిన అన్యాయం ఎవరికీ కనపడలేదు.

సింథటిక్ అంటే భయపడక్కర్లేదు. గ్రేడు సరైనదయితే అదీ పనికొస్తుంది, వేడికి త్వరగా పాడవదు కూడా. నాలా బొట్లు కార్చే ఇంజనుకి అంత ఖరీదు దండగని మాత్రం నా అభిప్రాయం.

20డబ్ల్యూ-50 లాంటి రెండంకెల (మల్టీగ్రేడ్) నూనెల్లో చాలావాటికి ఒక బలహీనత ఉంది. చలికి మరీ చిక్కబడకుండా, వేడికి మరీ పలచబడకుండా ఉండడానికి వాటిలో పాలిమరు పోగులు కలుపుతారు. చల్లగా ఉన్నప్పుడు చుట్ట చుట్టి పెట్టిన వలలా ముడుచుకుంటాయి, వేడెక్కితే నీళ్ళలో విసిరిన వలలా విప్పారి నూనెని పట్టి ఉంచుతాయి. బండరాళ్ళకి తగిలి వల తెగినట్టే, నా బేరింగుల్లో నలిగి ఆ పోగులు తెగుతాయి. డబ్బా మీద 50 అని రాసి ఉన్న నూనె కొన్ని వేల కిలోమీటర్ల తరవాత 40 అయిపోతుంది. అందుకని మార్చాల్సిన నూనెని మార్చక తప్పదు.

మా ఊళ్ళో ఇంకో శత్రువుంది, గాలి. రాజయ్యపేటలో సముద్రపు తేమ ఎప్పుడూ ఒంటికి అంటుకునే ఉంటుంది. ఇంటి నుంచి బజారుకి, బజారు నుంచి ఒడ్డుకి, ఇలా పది నిమిషాల తిరుగుళ్ళలో నేను పూర్తిగా కాగను. లోపల చేరిన తేమ ఆవిరై పోదు, నూనెతో కలిసి మూత అడుగున తెల్లటి మీగడలా గడ్డకడుతుంది. ఆ మీగడ కనపడితే గాస్కెట్ పోయిందని కంగారు పడేవాళ్ళున్నారు. ముందు ఒక గంట హైవే మీద తిప్పి చూడాలి, ఆ తరవాతే గాస్కెట్ సంగతి. 2025లో మా ఊరి దగ్గర బల్క్ డ్రగ్ పార్కు వద్దని మా మత్స్యకారులు టెంటు వేసుకుని కూర్చున్న రోజుల్లో నన్నెవరూ తియ్యలేదు. పెద్దాయనా అక్కడే ఉండేవాడు. ఊరు తన సముద్రం కోసం కూర్చున్నప్పుడు నన్ను గుర్తు పెట్టుకోలేదని నేనేమీ అనుకోలేదు. కానీ అన్నాళ్ళు కదలకుండా ఉండడంతో నూనె అంతా జారి సంపులో చేరింది, క్యాం ఎండిపోయింది, మూత కింద తేమ పట్టింది.

ఆ తరవాత నన్ను లేపిన రోజు మనవడు చేసిన పని చెప్పి ఆపుతాను. తాళం తిప్పెయ్యలేదు. ముందు కాయిల్ వైరు ఊడదీసి, సెల్ఫు కొట్టి, స్టార్టు కాకుండానే కాసేపు తిప్పాడు, నూనె పైకెక్కి ఎర్ర లైటు ఆరిందాకా. ఆ తరవాతే వైరు పెట్టి లేపాడు. తుని వైపు ఓ గంట నడిపి, వేడి మీదే డ్రెయిన్ బోల్టు విప్పి పాత నూనె దించేశాడు, కొత్త ఫిల్టరు బిగించి 20డబ్ల్యూ-50 మినరల్ ఆయిలు పోశాడు. తారీకు పాక గుంజ మీద సుద్దతో రాశాడు. కిలోమీటర్లు తిరిగినా తిరగకపోయినా ఆరు నెలలకి మార్చేస్తానని తాతకి మాటిచ్చాడు.

మీ ఇంట్లో పాత బండి ఏదైనా ఉంటే, అంబాసిడరైనా, ఫియట్ అయినా, ఎవరో పెద్దవాళ్ళు దాచిన ఎంజీ అయినా, ఆయిలు డబ్బా కొనే ముందు దాన్ని అరగంట నడిపి, వేడి మీద ఒక్కసారి గేజి పెట్టించండి. వేలు పెట్టి చూడకండి.